పేరు, మందు, మనిషి: వనమూలికల నమోదు పద్ధతిపై విమర్శ

వ్యాససంగ్రహం:
అడవి మొక్కల ఔషధోపయోగాలను చాలా పరిశోధనలు మొక్క, రోగం, వాడుక అనే పట్టికలుగా నమోదు చేస్తున్నాయి. ఈ పద్ధతిలో మొక్క మిగులుతుంది, దాన్ని ఎరిగిన మనిషి మరుగున పడతాడు. ఈ లోపాన్ని పరిశీలించడమే వ్యాసలక్ష్యం.

కీలక పదాలు: వనమూలికలు, మౌఖిక విజ్ఞానం, యునానీ, చెంచులు, పురానాపూల్.

1. ఉపోద్ఘాతం:
1578లో కుతుబ్‌షాహీల కాలాన నిర్మితమైన పురానాపూల్, గోల్కొండ, కార్వాన్ మార్గాన్ని మూసీ దక్షిణ తీరంతో కలిపింది. దానికి చేరువలోని బేగంబజారు మూలికల అంగళ్లలో కరక్కాయ, తానికాయ, ఉసిరిక నేటికీ దొరుకుతాయి. ఆయుర్వేదంలో ఇవి త్రిఫల. యునానీలో హలేలా, బలేలా, ఆమ్లా. త్రిఫల శబ్దమే రూపం మారి 'ఇత్రిఫల్' అనే ఔషధవర్గానికి పేరైంది. గ్రంథసంప్రదాయాల నడుమ జరిగిన ఈ ఆదానప్రదానానికి అక్షరసాక్ష్యం ఉంది. ఆ కాయలను అడవిలో ఏరినవారి ఎరుకకు అటువంటి సాక్ష్యం లేదు.

2. పట్టిక చెప్పనివి:
నేలవేము మన ప్రాంతపు మొక్క. చిరాయతా హిమాలయ ప్రాంతానిది. రెండూ చేదే, రెండూ జ్వరానికి వాడేవే. అందుచేత ఒకదానికి బదులు మరొకటి అంగడికెక్కుతుంది. అంగడి పేరునే ప్రమాణంగా తీసుకున్న పరిశోధన మొక్కనే పొరబడుతుంది. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ అనే తీవ్ర విషం ఉంది. శుద్ధి విధానం, మోతాదు తెలియజేయక 'నొప్పులకు వాడుదురు' అని మాత్రమే రాయడం అసంపూర్ణం మాత్రమే కాదు, ప్రమాదకరం.

3. గ్రంథస్థం – మౌఖికం:
హైమన్‌డార్ఫ్ 1943లో చెంచులపై గ్రంథం వెలువరించాడు. అయినా వారి వైద్యజ్ఞానం ప్రధానంగా మౌఖికమే. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాలకు రక్షణ కల్పించింది; నల్లమల నోటిమాట ఆ పరిధిలోకి రాలేదు. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ విజ్ఞానంపై సమూహపు హక్కును గుర్తించింది. కాగా 2023 జీవవైవిధ్య చట్ట సవరణ, గ్రంథస్థ విజ్ఞాన వినియోగాన్ని లాభాల పంపకం నుండి మినహాయించింది. ఈ స్థితిలో మౌఖికాన్ని అక్షరబద్ధం చేసే పరిశోధకుడి చర్య కేవలం సంరక్షణ అనిపించుకోదు. ఆ సమూహపు హక్కుపై దాని ప్రభావాన్నీ ఆలోచించవలసి ఉంది.

4. ముగింపు:
చెప్పినవారి భాషలోని పేరు, సేకరించిన ఋతువు, వాడే భాగం, శుద్ధి, మోతాదు నమోదులో ఉండాలి. సమూహపు సమ్మతి ముందుగా పొందాలి. చెప్పకూడదనుకున్నదాన్ని చెప్పకుండా ఉండే హక్కునూ గౌరవించాలి. విజ్ఞానమిచ్చినవారిని కేవలం 'సమాచారదాత'లుగా లెక్కించినంతకాలం ఆ నమోదు అంగడి చిట్టాకు భిన్నం కాజాలదు.