ఓడిన అభ్యర్థులు, నిలిచిన తీర్పులు

రాష్ట్రపతి ఎన్నికల్లో ఓడినవారిని జనం త్వరగా మరిచిపోతారు. సుప్రీంకోర్టు నుంచి వచ్చి పోటీ చేసినవారిలో ఇద్దరిని మాత్రం మరవలేదు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి బరిలో దిగారు. ఆయనకు దక్కిన ఓట్ల విలువ 3,63,971. గెలిచిన జాకిర్ హుస్సేన్‌కు 4,71,244. 1982లో హెచ్.ఆర్. ఖన్నాకు 2,82,685 వస్తే జైల్ సింగ్‌కు 7,54,113 వచ్చాయి. ఓటేసేది ఎంపీలూ ఎమ్మెల్యేలే కనుక రెండుసార్లూ పాలక పక్షం బలమే నెగ్గింది. వీరి కీర్తికి ఆధారం వీరు రాసిన తీర్పులు, ముఖ్యంగా తోటి న్యాయమూర్తులు ఒప్పుకోని తీర్పులు.

సుబ్బారావు పనితనం 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో కనిపిస్తుంది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఆ ఉత్తరప్రదేశ్ వాసి మీద పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిళ్లు ఇంటికొచ్చి తలుపు తట్టేవారు, రాకపోకల మీద కన్నేసేవారు. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదన్న మెజారిటీ, మిగతా నిఘాను సమర్థించింది. జె.సి. షాతో కలిసి సుబ్బారావు విభేదించారు. ఆయన ముందుగా చూసింది దారిన పోయే మనిషిని. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా వెనకాలే పోలీసు నడుస్తుంటే అతను తనకిష్టమైన వాళ్లను కలవగలడా? మనసు విప్పి మాట్లాడగలడా? మనసును బిగించేది కూడా నిర్బంధమేనని తేల్చి, అక్కడి నుంచి అడుగడుగునా నడిచి, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్న చోటికి చేరారు. నిఘా నిబంధన మొత్తం చెల్లదన్నారు.

ఖన్నా పరీక్ష ఇంకా కఠినమైనది. ఎమర్జెన్సీలో రాజ్యాంగం 21వ అధికరణం అమలు ఆగింది కనుక నిర్బంధితులు కోర్టుకు వెళ్లలేరని ఎ.డి.ఎం. జబల్‌పూర్ కేసులో ప్రభుత్వం వాదించింది. విచారణలో ఆయన ఆ వాదనను చివరికంటా నడిపించారు: పోలీసు ఒకరి ప్రాణం తీసినా కోర్టులో దిక్కు లేదా? తమ వాదన ప్రకారం లేదనే అటార్నీ జనరల్ ఒప్పుకోవాల్సి వచ్చింది. అయినా 1976 ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపే నిలిచారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ 21వ అధికరణంతోనే పుట్టలేదనీ, చట్టం ఆధారం లేకుండా వాటిని హరించే అధికారం రాజ్యాంగానికి ముందు కూడా ప్రభుత్వానికి లేదనీ ఆయన తర్కం. కనుక ఆ అధికరణం అమలు ఆగినా పౌరుడు అనాథ కాడు. ఆవేశం ఎక్కడా లేని ఆ వాదనలో ఒక్క మెట్టు తీసేయడానికి వీల్లేదు. 1977 జనవరిలో ఆయన్ను కాదని జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేస్తే రాజీనామా చేశారు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. సుబ్బారావు మాటా, ఖన్నా మాటా ఒకే రోజున సరైనవని తేలాయి. జబల్‌పూర్ తీర్పును అందులో తోసిపుచ్చిన డి.వై. చంద్రచూడ్, నాటి నలుగురిలో ఒకరైన వై.వి. చంద్రచూడ్ కుమారుడు.

లా చదివే ప్రతి విద్యార్థీ ఈ రెండు అసమ్మతి తీర్పులను పక్కపక్కన పెట్టుకుని పూర్తిగా చదవాలి. ఒంటరిగా నిలబడాల్సి వచ్చినప్పుడు వాదనను ఎంత గట్టిగా కట్టాలో నేర్పడానికి వీటిని మించిన పాఠం మన న్యాయ చరిత్రలో లేదు.