కొండ ముందు, కడలి తరువాత

ఇంద్రుని వజ్రాయుధమునకు వెఱచి సముద్రగర్భమున దాగిన మైనాకుని కథ మనమందఱము చిన్ననాడు విన్నదే. విశాఖపట్టణ తీరమున ఋషికొండ చెంత నీట మునిగి చూచినవానికి మాత్రము ఆ కథ కేవలకల్పనగా తోచదు. ఏలయన, అరకులోయ చుట్టును కోటగోడవలె నిలిచిన తూర్పుకనుమల శిల యేదో, కైలాసగిరిగా, ఋషికొండగా కడలి యొడ్డువఱకు నడచివచ్చి అలలలో పాదములుంచిన శిలయు ప్రధానముగా అదియే. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని ఖొండలైటు అందురు. ఈ కనుమలలో నివసించు ఖోండు గిరిజనుల పేరునుండి పుట్టిన నామమది. కొండజాతి పేరు మోయు ఱాయి సముద్రపుటొడ్డున నాచు కప్పుకొని, చేపలకు ఇల్లై యుండుట ఎన్నిమారులు తలచినను నాకు ఆశ్చర్యమే.

అందుచేతనే కాబోలు, విశాఖకు వచ్చు యాత్రికుడు కొండను కడలిని ఒకే ప్రయాణమున చూడగోరును. రెంటికిని నడుమ త్రోవ సుమారు 115 కిలోమీటర్లు. ఉదయమున ఇసుకపై నడచినవాడు అపరాహ్ణమునకు కాఫీతోటల నీడన కూర్చుండగలడు. వట్టి యాత్రికునకు ఈ సామీప్యము భాగ్యము. స్కూబా మునక వేయదలచినవానికి ఇందే అపాయము పొంచియున్నది. విశాఖలో దిగినదే తడవుగా మునక వేసి, తల తడియైన ఆరకముందే అరకు కారెక్కదలచువారు కలరు. ఆ క్రమము తప్పు. దానిని తలక్రిందులు చేయవలెనని చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

మునుగువాడు వీపున మోయు సిలిండరులోనిది కేవల ప్రాణవాయువని పలువురు తలంతురు. సాధారణముగా అది మనము నిత్యము పీల్చు గాలియే, అదిమి నింపినది. అందు ఇంచుమించు అయిదింట నాలుగు పాళ్ళు నత్రజని. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణము చొప్పున పీడనము పెరుగును గావున, 10 మీటర్ల లోతున శరీరము రెండింతల పీడనమునకును, 20 మీటర్ల లోతున మూడింతల పీడనమునకును లోనగును. పీడనము హెచ్చినకొలది వాయువు ద్రవమున అధికముగా కరగునని 1803లో విలియం హెన్రీ కనుగొన్న సూత్రము మన రక్తమునకును వర్తించుటచే, నీటనున్నంతసేపు నత్రజని రక్తమున, కండరములలో, కొవ్వున కరగి చేరుచునే యుండును. గోలీసోడా బుడ్డిలో గోలీ నొక్కక మునుపు నీరు నిశ్చలముగ నుండి, నొక్కిన క్షణమున బుడగలు పొంగివచ్చుట చూడనివారెవరు? మునిగినవాడు తొందరపడి పైకి వచ్చినయెడల అతని దేహమున జరుగునదియు అదే. ఆ బుడగలు కీళ్ళలో చేరి నొప్పిగా, వెన్నుపాములో చేరి పక్షవాతముగా పరిణమించును. 1908లో హాల్డేన్ అను శాస్త్రవేత్త మేకలపై ప్రయోగములు జరిపి, అంచెలంచెలుగా ఆగి పైకి వచ్చినవానికి ఈ బాధ తప్పునని పట్టికలతో నిరూపించెను. నేటి మునకశాస్త్రమంతయు ఆ పునాదిపై కట్టినదే.

నీటిపైకి వచ్చినంతమాత్రమున ఆ నత్రజని యంతయు పోదు. గంటలకొలది ఊపిరితో మెల్లగా వెడలుచుండును. ఈ లోపల కొండ యెక్కుట యనగా, ఇంకను పూర్తిగా విడువని సోడాబుడ్డి మూతను మఱికొంత సడలించుటయే. అరకు సముద్రమట్టమునకు 911 మీటర్ల యెత్తున నున్నది. అక్కడి గాలి పీడనము తీరమునకంటె ఇంచుమించు పదవవంతు తక్కువ. త్రోవలోని బొఱ్ఱాగుహలే 705 మీటర్లు; శిమిలిగుడ రైలుస్టేషను 996 మీటర్లు. మునకవైద్యుల నియమమో, సుమారు 600 మీటర్లు దాటిన యెత్తునకు పోదలచినవాడు, విమానమునకు వలెనే, ఒక్క మునక వేసినచో 12 గంటలైనను, పలుమునకలు వేసినచో 18 గంటలైనను తీరమున నిలువవలెను. ఘాట్‌రోడ్డుపై కీలు నొచ్చినను, వ్రేళ్ళు తిమ్మిరెక్కినను అది మలుపుల బడలిక యని సరిపెట్టుకొనుట సులభము. తెలిసివచ్చునప్పటికి నగరపు ఆసుపత్రి గంటల దూరమున నుండును. ఇదియే నన్ను మిక్కిలి కలవరపెట్టు విషయము.

కావున కొండ ముందు. ఉదయపు కిరండూలు రైలెక్కి, బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు చేర్చుటకై 1960ల యందు వేసిన ఆ మార్గమున సొరంగములు దాటుచు పోవుట, గిరిజన సంతలో తిరుగుట, థింసా నృత్యపు అడుగుల వలయమును చూచుట, గిరిజనులు పండించిన కాఫీ త్రాగుట, ఇవన్నియు తొలి రెండు దినముల పని. అయితే ఒక జాగ్రత్త: పుష్యమాఘముల అరకు చలి రొంప తెచ్చును, రొంప పట్టినవాడు మునుగరాదు. ముక్కు మూసికొనిపోయినచో చెవిలోని పీడనము సరిపడక కర్ణభేరి చినుగవచ్చును. కొండ దిగిన తరువాత ఒక దినము ఊరక యుండి, ఊపిరి హాయిగా ఆడిన పిమ్మటనే నీట దిగవలెను.

కాలనిర్ణయమునకు కడలినే అడుగవలెను. ఆశ్వయుజము మొదలు మార్గశీర్షము వఱకు బంగాళాఖాతమున వాయుగుండముల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను చేసిన పాటు ఇంకను మఱపునకు రాలేదు. ఆ మాసములందే తీరప్రవాహము ఉత్తరమునుండి దక్షిణమునకు పాఱుచు, వర్షకాలమున గంగాబ్రహ్మపుత్రలు విడిచిన మంచినీటిని మన తీరముదాక మోసికొనివచ్చును. మాఘము గడచుసరికి ఆ ప్రవాహము దిశ మార్చుకొనును. కావున ఫిబ్రవరి, మార్చి మాసములు యోగ్యములని నా అభిప్రాయము. అప్పుడును అండమానులోని స్ఫటికజలమును ఇక్కడ ఆశింపరాదు. మనది నదులు కలియు ఖాతము.

ఇక విద్య. మన్నారు సింధుశాఖలో ముత్యములకై దిగిన పూర్వపు మునకగాండ్రు బండఱాతిని ఊతగా గొని ఊపిరి బిగబట్టి దిగెడివారు. 1943లో కుస్తో, గన్యాఁ అను ఫ్రెంచివారు, నీటి లోతునకు తగిన పీడనముతో అడిగినప్పుడే గాలినిచ్చు సాధనమును నిర్మించినది మొదలు ఆ నియమము తిరుగబడినది. కుంభకము యోగికి సిద్ధి. సిలిండరుతో దిగినవానికి అది మృత్యుహేతువు. ఊపిరి బిగబట్టి పైకి తేలినచో లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చును. పీల్చుట, విడుచుట ఒక్క క్షణమైనను ఆగరాదు. దిగునప్పుడు నొప్పి పుట్టకమునుపే ముక్కు పట్టి మెల్లగా ఊది చెవులు సరిచేసికొనవలెను; లేచునప్పుడు నిమిషమునకు 9 మీటర్లకు మించక లేచి, 5 మీటర్ల యొద్ద మూడు నిమిషములు నిలువవలెను. బొటనవ్రేలు పైకెత్తుట నీటిలో ‘భేష్’ అనుట కాదు, ‘పైకి పోదము’ అనుట. కొత్తవానిని తగు శిక్షకుడు 12 మీటర్లకు మించి దింపడు. ఉబ్బసమున్నదా, గుండెజబ్బున్నదా అని అడుగక, ఈతకొలనిలో అభ్యాసము చేయింపక, నేరుగా పడవ యెక్కించువాని వెంట పోకుడు. గజ ఈతగాడును ఈ విద్యలో మొదట శిష్యుడే.

ఇంత శ్రమకు ఫలమేమన్నచో, ఆ పచ్చని మసకవెలుగులో, ఱాళ్ళ సందున పొంచిన మలుగుచేప ఎదుట, ఏమియు చేయక, ఏమియు తాకక, సొంత ఊపిరి చప్పుడొక్కటే వినుచు గడపిన అరగంట. కొండ నీడన కాఫీ త్రాగివచ్చినవానికి, ఆ కొండకు చుట్టమైన ఱాతిని నీటిలో చూచుట పరిచితుని మరల కలిసికొన్నట్లుండును.

మునక ముగిసిన తరువాత ఒక పూర్తిదినము తీరముననే ఉండుడు. భీమునిపట్టణమునకు పోవచ్చును; 1969లో నౌకాదళమున చేరి, ఇప్పుడు ఇసుకపై నిలిచియున్న కురుసురా జలాంతర్గామి లోనికి దిగి చూడవచ్చును; తొట్లకొండ బౌద్ధారామము ఎక్కవచ్చును, ఆ కొంచెపు టెత్తు హానిచేయదు. కడపటి మునకనుండి తల యెత్తిన వేళను కాగితముపై వ్రాసి, దానికి 18 గంటలు కలిపి, ఆ తరువాతి విమానమునకే టిక్కెట్టు కొనుడు.