వానకు పెరిగే శ్రుతి

ముసురు పట్టిందంటే మృదంగం శ్రుతి దిగుతుంది. చర్మం చెమ్మ పీల్చి వదులవుతుంది కాబట్టి విద్వాంసులు కచేరీ మధ్యలోనే రాయీ పుల్లా తీసి అంచు మీద కొట్టుకుంటారు. అదే ముసురులో మా హాల్లో పియానో శ్రుతి పైకెక్కుతుంది.

కిటుకంతా తీగల వెనకున్న సౌండ్‌బోర్డులో ఉంది. స్ప్రూస్ చెక్క, సెంటీమీటరుకు మించని మందం, మధ్యలో కాస్త ఉబ్బెత్తు. గాలిలో తేమ పెరిగితే ఆ పలక అడ్డంగా సాగాలని చూస్తుంది. అంచులు బిగించి ఉన్నాయి కదా, పక్కకు పోలేక ముందుకు ఉబ్బుతుంది. దాని మీది బ్రిడ్జి తీగల్ని నెడుతుంది. తీగలు 220 పైచిలుకు, అన్నిటి బిగువూ కలిపితే 15 నుంచి 20 టన్నులు. అన్నీ ఒకే లెక్కన పెరిగితే ఒంటరిగా వాయించుకునేవాళ్లకు తెలిసేదే కాదు. కానీ రాగి చుట్టిన మంద్రస్థాయి తీగలు పెద్దగా కదలవు. అవి అయిపోయి మామూలు ఉక్కు తీగలు మొదలయ్యే చోట శ్రుతి బాగా ఎక్కుతుంది. రెండు చేతులతో రెండు స్థాయిల్లో ఒకే స్వరం నొక్కి చూడండి, పేచీ అక్కడే వినబడుతుంది.

విశాఖలో పియానో ఎందుకండీ, హైదరాబాదులో అయితే నయం అని చాలామంది అంటారు. నేనొప్పుకోను. ఇక్కడ తీగలు తుప్పు పడతాయి, ఫెల్టు ఉబ్బి నొక్కిన మెట్టు లేవనంటుంది, నిజమే. కానీ ఎక్కువ నెలలు తేమ 70 శాతానికి అటూఇటూగా ఉంటుంది కాబట్టి శ్రుతి ఒకచోట కుదురుకుంటుంది. హైదరాబాదులో మే మధ్యాహ్నం 30 శాతం కిందికి పోయిన తేమ ఆగస్టు పొద్దుల్లో 80 దాటుతుంది. వేసవిలో చేయించిన శ్రుతి శ్రావణందాకా నిలవమంటే ఎలా నిలుస్తుంది? పైగా ఎండిన చెక్కలో తీగలు బిగించే పిన్నులు పట్టు వదులుతాయి, పలక బీటలిస్తుంది.

అందుకే సాయంత్రం రెండు గంటలు ఏసీ వేసి పియానోను కాపాడుతున్నామనుకోవడం నాకు నచ్చదు. రోజూ దించి, రోజూ ఎక్కించడమే అది. సిలికా జెల్ పొట్లాలు ఒక్క వానకే నిండిపోతాయి. పాతకాలంలో పియానో ముందువైపు కింది తలుపు వెనక చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు. ఆ వెచ్చదనానికి లోపలి గాలి పొడిబారేది. ఇప్పుడు ఆ పనికి సన్నటి హీటరు కడ్డీ వస్తోంది. దానికి తేమను చూసి తనే వెలిగి తనే ఆరే స్విచ్చు ఉండి తీరాలి, లేకపోతే చలికాలంలో అతిగా ఎండబెడుతుంది. హైదరాబాదు వాళ్లకు కడ్డీ ఒక్కటే చాలదు, వేసవికి నీళ్ల తొట్టి కూడా అమర్చుకోవాలి. మా పియానో మీద ఒక హైగ్రోమీటరు పెట్టాను. 55 దగ్గర నిలిస్తే చాలు నాకు. 45 కోసం పాకులాడి కరెంటు బిల్లు పెంచుకోను.

శ్రుతి చేసే పెద్దాయన నియమం ఒకటుంది.

"వాన మొదలైన వారంలో పిలవకండి సార్. పలక ఇంకా నడుస్తుంటుంది. రెండు మూడు వారాలు ఆగితే మీ డబ్బూ మిగులుతుంది, నా పేరూ మిగులుతుంది."

క్రిస్మస్ ముందు చర్చిలన్నీ ఆయన్నే పిలుస్తాయి, డిసెంబరులో దొరకడు. అందుకని నవంబరు రెండో వారానికి మాట తీసుకున్నాను, తుఫాను రాకపోతే.