పినాకపాణి: స్వరలిపికి అందినంత

ఆపెరా గాత్రగురువు ముందు స్వరకర్త రాసిన ప్రతి ఉంటుంది. విద్యార్థి కంఠాన్ని తీర్చడమే ఆయన పని. కర్ణాటక సంగీతంలో కృతి పాఠం చాలావరకు గురువు గొంతులోనే ఉంటుంది. శ్రీపాద పినాకపాణి (1913–2013) దాన్ని కాగితం మీదికి తెచ్చారు. వృత్తిరీత్యా వైద్యాచార్యులైన ఆయన, తాను విని వంటపట్టించుకున్న తంజావూరు బాణీని సంగతులు, గమకాలతో సహా స్వరపరచి రాశారు. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన ‘సంగీత సౌరభం’ సంపుటాలు ఆ శ్రమఫలం. 1983లో సంగీత కళానిధి అయినా, ఆయన కీర్తి కచేరీలకంటే పాఠం మీదే నిలిచింది.

ఇంత సూక్ష్మమైన స్వరలిపి పాటను బిగదీయదా అన్న సందేహానికి శిష్యులే సమాధానం. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన్నసత్యనారాయణ ఒకరిలా ఒకరు పాడలేదు. వోలేటి గానంలోని హిందుస్థానీ ఛాయలైతే గురువు రాసిన ఏ పుటలోనూ వెతికి ప్రయోజనం లేదు.

అయితే వీరంతా గురువు ఎదుట కూర్చున్నవారు. బర్నబీలోనో మరోచోటో ఆ సంపుటం తెరిచి, కంప్యూటర్ తెర మీద పాఠం వినే విద్యార్థికి సంగతుల వరుస స్పష్టంగా దొరుకుతుంది. రాసి ఉన్న గమకాన్ని ఎంత బరువుతో పలకాలో మాత్రం ఎవరో ఒకరు పాడి, విని, సరిదిద్దాలి.