తలుపు తీసే పైలట్లు

విమానం గేటు దగ్గర ఆగి, ఇంజన్లు ఆపేశాక, ఎయిర్‌హోస్టెస్ చేత "ఒకసారి కాక్‌పిట్ చూడొచ్చా?" అని అడిగిస్తే, చాలామంది పైలట్లు రమ్మనే అంటారు. అప్పటికింకా వాళ్ల పని అయిపోదు. షట్‌డౌన్ చెక్‌లిస్టు చదవాలి, విమాన సాంకేతిక వివరాలు రాసే టెక్‌లాగ్ నింపాలి. ఏ320 రకం విమానమైతే అరగంట, ముప్పావుగంటలో మళ్లీ బయల్దేరాల్సి రావచ్చు. ఆ కాస్త సమయంలోనే పిల్లవాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, కెప్టెన్ టోపీ పెట్టి, ఎడమచేతి పక్కనున్న, విమానాన్ని నడిపే సైడ్‌స్టిక్ చూపిస్తారు. వేటిని ముట్టుకోకూడదో కసురుకోకుండానే చెబుతారు. విమానమంటే గుండె దడ ఉన్న పెద్దవాళ్లకైతే ఇంకా ఓపిగ్గా, వేగం, ఎత్తు ఇద్దరు పైలట్ల ముందూ విడివిడిగా కనిపిస్తాయనీ, అవి చాలకపోతే మూడో పరికరం కూడా ఉందనీ చూపిస్తారు. ఎన్ని ప్రకటనలు వినిపించినా రాని ధీమా అది.

భద్రత మాటేమిటని అడగడం న్యాయమే. 1994లో ఏరోఫ్లాట్ 593 విమానం గాల్లో ఉండగా పైలట్ కొడుకు కంట్రోల్స్ ముందు కూర్చున్నాడు, ఆటోపైలట్ కొంతమేర ఆగిపోయింది, 75 మంది చనిపోయారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత కాక్‌పిట్ తలుపులు మరింత దృఢమయ్యాయి. గాల్లో వాటిని ప్రయాణికులకు తెరవకపోవడమే సబబు. కానీ ఆ కట్టుబాటు సాకుగా నేలమీద కూడా పైలట్లు ముఖం చాటేయవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. అయినా పిలుస్తున్నారు కాబట్టే అది మెచ్చుకోదగ్గ పని. ఆలస్యమైన రోజున "ఇవాళ కుదరదండీ" అంటే నొచ్చుకోనక్కర్లేదు. అడగాలనుకుంటే, మిగతావాళ్లంతా దిగేదాకా ఆగి అడగడం మేలు.