శారదా చట్టం – యానాం పొలిమేర

చట్టం వల్ల సమాజం మారుతుందా అన్న అంశంపై సమర్పించే సిద్ధాంత గ్రంథాలు చదివినప్పుడల్లా నాకొక వెలితి మిగులుతుంది. చట్టం ఎప్పుడొచ్చిందో, ఏ సెక్షను ఏం చెప్పిందో వాటిలో ఉంటుంది. అది తమ మీదికి వస్తోందని తెలిసిన జనం ఏం చేశారన్నది మాత్రం ఉండదు.

శారదా చట్టాన్నే తీసుకోండి. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలంటూ 1929 సెప్టెంబరులో ఆమోదం పొందింది. 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ ఆరు నెలల్లోనూ దేశంలో పసిపిల్లల పెళ్లిళ్లు ఎంత హడావిడిగా జరిగాయో 1931 జనాభా లెక్కలు చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత మన వైపు వారికి యానాం దొరికింది. ఫ్రెంచివారి ఏలుబడిలో ఆ చట్టం చెల్లదు గనుక పెళ్లివారు అక్కడికి తరలివెళ్లి మూడు ముళ్లూ వేయించుకొచ్చేవారు. ఊరికి కల్యాణపురమన్న పేరు అందుకే. (పేరు మటుకు ఎంత మంగళకరం!)

పైగా ఆ చట్టం పెళ్లి జరిపించిన వారిని శిక్షించేదే గాని, జరిగిన పెళ్లిని రద్దు చేసేది కాదు. ఆ శిక్షా నెల సాధారణ ఖైదు, వెయ్యి రూపాయల జుల్మానా మించదు. అదీ ఎవరైనా కోర్టులో ఫిర్యాదు చేస్తేనే. ఇరుగుపొరుగు మీద ఎవరు చేస్తారు?

అలాగని చట్టం విఫలమైందని ఒక్క వాక్యంతో తేల్చేయడమూ నాకు సమ్మతం కాదు. బళ్లు కట్టుకుని పొలిమేర దాటారంటే జంకు పుట్టినట్టే కదా! ఆ జంకును పరిశోధకులు లెక్కలోకి తీసుకోవాలి. యానాం ఇళ్లలో పాత శుభలేఖలు వెతకాలి. ఆ పెళ్లికూతుళ్లు ముసలితనంలో మనవరాళ్లతో ఏమని చెప్పుకున్నారో అడగాలి.