డిస్కు బ్రేకు సైకిలుకు క్యారియర్

డిస్కు బ్రేకులున్న సైకిలుకు వెనక క్యారియర్ బిగించేటప్పుడు చిక్కంతా ఎడమ పక్కనే. బ్రేకు పళ్లెమూ, దాన్ని పట్టే క్యాలిపరూ ఆ వైపే ఉంటాయి. క్యారియర్ కాలు దిగాల్సిన చోటూ అదే. పాత నల్ల సైకిళ్లకు ఈ బాధ లేదు. కాళ్లు రెండూ ఇరుసు నట్ల కిందికి వచ్చేవి; బియ్యం బస్తాలూ పాల క్యాన్లూ వాటి మీదే ఊళ్లు తిరిగేవి. క్యారియర్ లేనిది సగం సైకిలేనన్న మాట ఈ శీర్షిక పాఠకులకు కొత్త కాదు. ఈ వారం అనంతగిరి ఘాట్ రోడ్డులో అరకు వైపు ఎక్కుతున్న గేరు సైకిళ్లు ఆ మాటనే మళ్లీ అనిపించాయి. బరువంతా తొక్కేవాళ్ల వీపు మీదే ఉంది.

బిగించే దారులు రెండు. ఎడమ కాలు బయటికి వంపు తిరిగి, డిస్కు సైకిళ్ల కోసమే చేసిన క్యారియర్ కొనడం మేలు. అది దొరక్కపోతే ఫ్రేముకూ కాలుకూ మధ్య ఇనుప బుష్ వేసి, ఆ మేరకు పొడవైన 5 మిల్లీమీటర్ల బోల్టు వాడాలి. క్యారియర్ ఒక పక్కకు ఒరగకుండా కుడివైపూ అంతే మందం బుష్ పడాలి. బుష్ పొడవు పెరిగేకొద్దీ బోల్టు మీద వంచే బలం పెరుగుతుంది, గతుకుల్లో బోల్టు విరిగేది అందుకే. కాబట్టి కాలు క్యాలిపర్‌కు తగలనంత మందం చాలు. బిగించాక చక్రం తిప్పి, బ్రేకు పట్టి చూడాలి; తీగ ఎక్కడా నలగకూడదు. చాలా క్యారియర్లకు 25 కిలోలే హద్దు.

ఇంత తంటా పెట్టే డిస్కును వదిలేసి రిమ్ బ్రేకుకే పోవచ్చు కదా అనిపిస్తుంది. అయితే ఘాట్ లెక్క వేరు. అనంతగిరి మండలంలోని షిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి శృంగవరపుకోటకు బరువుతో దిగుతూ పదే పదే బ్రేకు పడితే, ఆ వేడంతా రిమ్ బ్రేకు సైకిలులో రిమ్‌కే ఎక్కుతుంది. మరీ కాలితే ట్యూబు పేలిపోతుంది. వానలో తడిసిన రిమ్ మీద బ్రేకు సరిగా పట్టదు. డిస్కు వేడి టైరుకు దూరంగా ఇరుసు దగ్గరే ఉండిపోతుంది, వానలోనూ పట్టు అంతగా తగ్గదు. కొండ దారిలో సామాను మోసే సైకిలుకు డిస్కే ఉండాలి, సర్దుకోవాల్సింది క్యారియరే.

సైకిలు కొనేముందు వెనక ఇరుసు పైన, సీటు కింద క్యారియర్ బోల్టులకు రంధ్రాలున్నాయో లేదో చూడండి. అవి లేని సైకిలును బరువు మోయడానికి కొనకండి.